టేబుల్ ఆడా, మగా?

ఫ్రాన్స్‌కి చదువుకో ఉద్యోగానికో వచ్చిన మనవాళ్లు అందరూ అడిగేదే ఇది: ఏ మాట స్త్రీలింగమో, ఏది పుంలింగమో ఫ్రెంచివాళ్లకి ఎలా తెలుస్తుంది?

అర్థాన్ని బట్టి మాత్రం కాదు. తెలుగులో రాముడు వచ్చాడు. సీతా వచ్చింది, బస్సూ వచ్చింది. ఎవరో, ఏమిటో తెలిస్తే మనకి చాలు. అదే అలవాటుతో అక్కడ టేబుల్ ఎందుకు స్త్రీలింగమైందని బుర్ర బద్దలు కొట్టుకుంటే ఏమీ తేలదు. వాళ్ల చెవి మాట చివర మీద ఉంటుంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ యూనివర్సిటీ పరిశోధకులు ఫ్రెంచి మాట్లాడే పిల్లలకి అసలు భాషలో లేని మాటలు ఇచ్చి చూశారు. చివరి ధ్వనిని పట్టుకుని వాళ్లు లింగం చెప్పేశారు. సూత్రం చెప్పమంటే మాత్రం చాలామంది నీళ్లు నములుతారు.

మీరు వచ్చిన కొత్తలో తిరిగేది ఇంటి కాగితాల కోసమే కదా, వాటితోనే మొదలుపెట్టండి. 'సియోఁ' అని ముగిసే అతెస్తసియోఁ (ధ్రువపత్రం) స్త్రీలింగం. 'ఆఁస్' అని ముగిసే బీమా అస్యురాఁస్, అద్దె రసీదు కితాఁస్ కూడా అంతే. 'మాఁ' అని ముగిసే లొజ్‌మాఁ (ఉండే ఇల్లు), అపార్తమాఁ (అపార్ట్‌మెంట్) పుంలింగం. 'ఆజ్' అని వస్తే, గరాజ్ (గ్యారేజీ), ఫ్రొమాజ్ (చీజ్) లాగా ఎక్కువగా పుంలింగమే. ప్లాజ్ (బీచ్), ఇమాజ్ (బొమ్మ) లాంటి కొన్ని మొండివి స్త్రీలింగం. వాటిని బట్టీ పట్టాల్సిందే.

ఫ్రెంచిలో మాట ముందు ఇంగ్లీషు 'ద' లాగా పుంలింగానికి 'లె', స్త్రీలింగానికి 'లా' వస్తాయి; 'ఎ' లాగా 'అఁ', 'యూన్' వస్తాయి. మాట నేర్చుకునేటప్పుడు 'లె', 'లా'లతో కాకుండా 'అఁ', 'యూన్'లతో కలిపి నేర్చుకోండి. అచ్చుతో మొదలయ్యే మాట ముందు లె, లా రెండూ ఉత్త 'ల్' అయిపోతాయి, లింగం వినపడదు. ఇలాంటి చోట వాళ్లే తడబడతారు. ఎస్పెస్ (రకం) స్త్రీలింగమే అయినా, దాని తర్వాత పుంలింగం మాట వస్తే 'యూన్' బదులు 'అఁ' పెట్టి 'అన్ ఎస్పెస్ దె' (ఒక రకమైన) అనేవాళ్లు బోలెడంతమంది. 2020 మేలో ఫ్రెంచి అకాడమీ 'లా కోవిద్' అనమంది. ఫ్రాన్స్ జనం మాత్రం ఎక్కువగా 'లె కోవిద్' అనే అంటున్నారు.

తప్పు పలికినా ఎక్కువసార్లు పనైపోతుంది, టెన్షన్ వద్దు. కొన్నిచోట్ల మాత్రం అర్థమే మారిపోతుంది: 'లా పోస్త్' పోస్టాఫీసు, 'లె పోస్త్' ఉద్యోగం. ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు చూసుకోండి. కెనడా వైపు వెళ్లే ఆలోచన ఉంటే, ఫ్రాన్స్‌లో పుంలింగమైన 'జాబ్' క్యుబెక్ వాళ్ల మాటల్లో 'యూన్ జాబ్'.