లారీ డ్యాష్‌బోర్డులో టాబ్లెట్: 50 వేలు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు సొంత లారీ ఉంది. పది టైర్లది, 2019 మోడల్, ఏసీ లేదు. నడిపేదీ నేనే. ఎక్కువగా గుంటూరు మిర్చి యార్డు నుంచి నాగపూర్ వైపు తిరుగుతాను. వయసు 46, చత్వారం వచ్చింది. ఫోన్‌లో మ్యాపు, వే బిల్లు సరిగ్గా కనపడటం లేదు. ఆటోనగర్‌లో ఒక షాపువాళ్లు డ్యాష్‌బోర్డు కోసి, పది అంగుళాల టాబ్లెట్‌ను కంపెనీ ఫిట్టింగ్‌లా బిగిస్తామన్నారు. టాబ్లెట్ 24,500, డ్యాష్‌బోర్డు కోత, ఫైబర్ ఫ్రేమ్ 9,500, స్పీకర్లు, ఆంప్లిఫయర్ 9,000, రివర్స్ కెమెరా 4,000, కన్వర్టర్, వైరింగ్ 3,000. మొత్తం 50,000. అడ్వాన్సు 2,000 ఇచ్చాను. మిగతా 48,000 ఫైనాన్స్, నెలకు 3,150 చొప్పున 18 నెలలు. ‘నూటికి రూపాయి వడ్డీయే, పైగా ట్యాక్స్‌లో ఖర్చు చూపించుకోవచ్చు’ అంటున్నారు. లారీ కిస్తీ, ఇంటి ఖర్చులు పోను నాకు నెలకు 24 వేలు మిగులుతుంది. బ్యాంకులో 62 వేలు ఉంది. ఫిబ్రవరిలో ఇన్సూరెన్సు కట్టాలి, పోయినసారి 78 వేలైంది. ఆలోపే ముందు టైర్లు రెండూ మార్చాలి, 46 వేలు. టాబ్లెట్ చేయించమంటారా?
– ఒక లారీ యజమాని, విజయవాడ

జవాబు: మీ అవసరాన్ని నేను తప్పు పట్టను. రాత్రిపూట హైవే మీద ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసే డ్రైవర్ కంటే పెద్ద తెరలో ఒక్క చూపుతో దారి తెలుసుకునే డ్రైవర్ నయం. చేత్తో ఫోన్ పట్టుకుని నడిపితే జరిమానా కూడా ఉంది. కానీ మీరు అడిగింది టాబ్లెట్ గురించి, షాపువాళ్లు చెప్పింది డ్యాష్‌బోర్డు కోత గురించి. ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

ముందు మీ డబ్బు సంగతి. బ్యాంకులో ఉన్న 62 వేలు మీవి కావు. ఇన్సూరెన్సు, టైర్లు కలిపితే 1,24,000. అంటే ఇంకో 62 వేలు కావాలి. ఫిబ్రవరికి ఉన్నది మూడు నెలలే కాబట్టి నెలకు 20,667 పక్కన పెట్టాలి. మీకు మిగిలే 24 వేలలో అది పోతే 3,333. అందులోంచి టాబ్లెట్ కిస్తీ 3,150 తీసేస్తే 183 రూపాయలు. లారీ టైరు పంక్చరుకు కూడా చాలవు. ఒక్క లోడు రెండు రోజులు ఆలస్యమైనా మీరు చెయ్యి చాపేది ఇన్సూరెన్సు డబ్బు వైపే. ఇన్సూరెన్సులో తగ్గించుకునే వెసులుబాటూ తక్కువే. 20 నుంచి 40 టన్నుల మధ్య లారీలకు 2022లో నిర్ణయించిన థర్డ్ పార్టీ ప్రీమియమే (ఎదుటివాళ్లకు జరిగే నష్టం కోసం తప్పనిసరిగా కట్టేది) 43,950 రూపాయలు. బేరమాడేది మిగతా సగం దగ్గర మాత్రమే.

‘నూటికి రూపాయి’ అనే మాట మన దగ్గర చాలామందిని పడేస్తుంది. ఊళ్లో రూపాయి వడ్డీ అంటే అసలు తగ్గేకొద్దీ వడ్డీ కూడా తగ్గుతుందని మనకు తెలుసు. ఇక్కడ అలా కాదు. 48,000 మీద 18 నెలలకూ రూపాయి చొప్పున 8,640 ముందే లెక్కగట్టి, అసలుకు కలిపి, భాగించి కిస్తీ చేశారు. తొమ్మిది కిస్తీలు కట్టేసరికి మీ దగ్గర నిజంగా ఉన్న అప్పు దాదాపు 26 వేలు. వడ్డీ మాత్రం ఇంకా 48 వేల మీదే నడుస్తుంటుంది. సరిగ్గా లెక్క కడితే అది రూపాయి ఎనభై పైసల వడ్డీ, ఏడాదికి 22 శాతం దగ్గర. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే ఇంకా ఎక్కువ.

ట్యాక్స్ మాట అసలు వినకండి. పది లారీలలోపు ఉన్నవాళ్లు చాలామంది చేసినట్టే మీరూ అంచనా ఆదాయం పద్ధతిలో (1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏఈ) రిటర్ను వేస్తుంటే, 12 టన్నులు దాటిన బండికి టన్నుకు నెలకు 1,000 రూపాయల చొప్పున ఆదాయం ఉన్నట్టు లెక్క. మీ ఆర్సీలో స్థూల బరువు 28.5 టన్నులుంటే ఏడాదికి 3,42,000. డీజిలు, టైర్లు, తరుగుదల అన్నీ అందులో తీసేసినట్టే భావిస్తారు. టాబ్లెట్ బిల్లు విడిగా చూపించడానికి అక్కడ గడే లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోతే దాని మీద కట్టిన 18 శాతం కూడా వెనక్కి రాదు.

ఇక కోత సంగతి. నా అనుభవం ఒకటి చెబుతాను, నవ్వకండి. కొన్నేళ్ల కింద నా కారులో పెద్ద తెర స్టీరియో బిగించుకున్నాను. ప్లాస్టిక్ కోసి, చుట్టూ నల్ల ఫ్రేమ్ పెట్టారు. నెల రోజులు ఎక్కినవాళ్లందరికీ చూపించాను. రెండేళ్లకు తెర చచ్చిపోయింది. అదే సైజు మళ్లీ దొరకలేదు. కొత్తది అర అంగుళం చిన్నది. ఆ సందులో మా ఆవిడ స్పాంజి ముక్క కుక్కింది. కారు అమ్మేటప్పుడు కొనేవాడు ముందు వేలు పెట్టింది ఆ స్పాంజి మీదే. బేరం అక్కడినుంచే దిగింది.

మీ లారీ ఇంకో ఏడెనిమిదేళ్లు తిరుగుతుంది. టాబ్లెట్ మూడు, నాలుగేళ్లు పనిచేస్తే గొప్ప. పైగా అందులో ఉండేది లిథియం బ్యాటరీ. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపే వాడాలని, 45 దాటిన చోట ఉంచవద్దని దాని కంపెనీయే చెబుతుంది. మే నెలలో విదర్భ ఎండకు అద్దాలు వేసి ఆపిన క్యాబిన్‌లో ఎంతుంటుందో మీకు నేను చెప్పాలా? 2025 అక్టోబరు నుంచి తయారవుతున్న పెద్ద లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మీ బండికి ఆ సుఖం లేదు. బిగించేసిన టాబ్లెట్‌ను దిగేటప్పుడు చేత్తో పట్టుకుపోలేరు. ఎండకు ఉబ్బుతుంది, లేదా దాబా దగ్గర ఎవరో పీక్కుపోతారు. కంపెనీ బిగించని ఎలక్ట్రానిక్ సామానుకు విలువ చెప్పి విడిగా ప్రీమియం కడితేనే ఇన్సూరెన్సు, సాధారణంగా విలువలో 4 శాతం. అలా కట్టినా, లారీతో పాటు కాకుండా సామాను ఒక్కటే దొంగతనమైతే చాలా పాలసీలు ఇవ్వవు. మీ పాలసీ కాగితంలో ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి.

వైరింగ్ మాత్రం వదలొద్దు. మీ కొటేషన్‌లో అన్నిటికంటే విలువైనది ఆ మూడు వేల లైనే. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు వస్తాయి. కొందరు ఎలక్ట్రీషియన్లు, దాన్ని 12కు దించే కన్వర్టర్ ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక్క బ్యాటరీ నుంచే 12 లాగేస్తారు. ఆ బ్యాటరీ ఖాళీ అవుతూ ఉంటుంది, రెండోది అతిగా చార్జ్ అవుతూ ఉంటుంది. చివరికి జత మొత్తం మార్చాలి. అందుకే 24 నుంచి దించే కన్వర్టరే పెట్టమనండి, బ్యాటరీ దగ్గర్లోనే ఫ్యూజు వేయమనండి, పని జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడండి.

నేనైతే ఇలా చేస్తాను. ఇప్పుడు కన్వర్టర్, వైరింగ్, ఒక గట్టి ఫోన్ హోల్డర్. అంతే. ఈలోగా కళ్ల డాక్టరుకు చూపించుకోండి. దగ్గర చూపు అద్దాలు పెట్టుకుంటే రోడ్డు మసకబారుతుంది కాబట్టి డ్రైవింగ్ అని చెప్పి మరీ రాయించుకోండి. ఫిబ్రవరి దాటాక నెలకు ఐదు వేలు పక్కన పెడితే మూడు, నాలుగు నెలల్లో 15 వేలలో టాబ్లెట్, ఊడదీసే బ్రాకెట్ రొక్కానికే వస్తాయి. సిమ్ వేసుకునేది తీసుకోండి. వై-ఫై మాత్రమే ఉన్న కొన్నిటిలో జీపీఎస్ ఉండదు, మ్యాపు తెరిచాక గానీ తెలియదు. రివర్స్ కెమెరా ఆ తర్వాత. యార్డులో వెనక్కి తీసేటప్పుడు క్లీనర్ లేని రోజు దాని విలువ తెలుస్తుంది. స్పీకర్ల తొమ్మిది వేలు మాత్రం నా లెక్కలో లేవు, క్షమించాలి.

మీరిచ్చిన రెండు వేల అడ్వాన్సును షాపువాళ్లు ‘వెనక్కి ఇవ్వం’ అంటారు. అడగను కూడా అడగకండి. ‘కోత వద్దు, కన్వర్టర్ పని చేయండి’ అని చెప్పి, ఇంకో వెయ్యి ఇచ్చి, బిల్లు మీద కన్వర్టర్ ఎన్ని ఆంపియర్లదో రాయించుకుని రండి.