కవరు కింద దాచిన బండా, రోజూ తిరిగిన బండా?

ప్రశ్న: అన్నగారూ, ఆఫీసుకి పోను 28 కిలోమీటర్లు, రాను 28. అందులో సగం ఖాళీ రోడ్డు, సగం అడుగడుక్కీ ఆగే ట్రాఫిక్. తొమ్మిదేళ్లుగా ఓ చిన్న హ్యాచ్‌బ్యాక్ నడుపుతున్నాను. అది ఏనాడూ మొరాయించలేదు, ఏనాడూ ముద్దూ రాలేదు. స్పోర్ట్స్ కారు మీద మనసు చిన్నప్పటిది. కొత్తది కొనే స్తోమత లేక సెకండ్ హ్యాండ్‌లో వెతికితే రెండు తేలాయి. ఒకటి 2012 మోడల్ మాజ్దా ఎంఎక్స్-5. తిరిగింది 31,000 కిలోమీటర్లే. ఓనరు దాన్ని షెడ్డులో కవరు కప్పి ఉంచి, ఏడాదికి నాలుగైదు సార్లు బయటికి తీసేవాడట. రెండోది 2013 టయోటా 86. 1,18,000 కిలోమీటర్లు తిరిగింది. ఓనరు రోజూ ఉద్యోగానికే వాడాడు, సర్వీసు బిల్లులన్నీ ఫైలు కట్టి పెట్టాడు. రెండూ మాన్యువల్ గేర్లే, ధర దాదాపు ఒకటే. నా మనసు మొదటిదాని మీదే ఉంది. అమ్మేమో ‘ఇద్దరు కూర్చునే బండికి అంత డబ్బు పోస్తావా’ అంటోంది. ఏం చేయమంటారు?
– రెండు సీట్ల ఆశావాది

జవాబు: అమ్మగారి మాట దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఆ 31,000 సంగతి తేలుద్దాం. మీ మనసు లాగుతున్నది బండి వైపో, మీటరు మీద అంకె వైపో నాకు అనుమానంగా ఉంది.

అలాంటి అంకె చూసి నేనూ ఒకప్పుడు పడిపోయాను. రెండు సీట్లది, టాపు మడిచేది. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు బండిది కాదు, నాది. పదకొండేళ్ల వయసు, 19,000 కిలోమీటర్లు. రంగులో మొహం చూసుకోవచ్చు. సీటు మీద ఒక్క ముడత లేదు. బేరం ఆడాలంటేనే సిగ్గేసింది. మూడో వారం ఓ సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కితే పెడల్ కిందకి పోయింది, తిరిగి రాలేదు. వెనక బస్సు హారన్ మోత. బూటు మొనతో పెడల్ని పైకెత్తి, మళ్లీ తొక్కి, ఎలాగో పక్కకి తీశాను. క్లచ్ స్లేవ్ సిలిండర్‌లో రబ్బరు సీలు ఎండి చిట్లిందని మెకానిక్ తేల్చాడు. మరుసటి నెల వెనక బ్రేక్ కాలిపర్ పట్టేసి, చక్రం పొయ్యి మీద పెనంలా కాలింది. ఆ తర్వాత రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు పగిలింది. టైర్లకి గీతలు (ట్రెడ్) నిండుగా ఉన్నాయి, అయినా తొలి వానకే వెనక భాగం పక్కకి జారింది. నాలుగు నెలల్లో నేను మార్పించిన సామాన్లలో అరిగిపోయినది ఒక్కటీ లేదు. అన్నీ కూర్చుని కూర్చుని చెడినవే.

కారు ఎద్దు లాంటిదని మా గురువు అనేవాడు, కట్టేసి మేపితే కాళ్లు పట్టేస్తాయని. రబ్బరు సీళ్లు నూనెలో తడుస్తూ కదులుతూ ఉంటేనే మెత్తగా ఉంటాయి. బ్రేక్ ఆయిల్ గాల్లోని తేమని పీల్చుకుంటుంది, ఆ తేమతో లోపల ఇనుము తుప్పు పడుతుంది. అందుకే బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకోసారి ఆ ఆయిల్ మార్చాలి. నిలవున్న పెట్రోలు జిగురై ఇంజెక్టర్లకి పడుతుంది. అన్నిటికంటే చెడ్డ అలవాటు, బ్యాటరీ దిగకుండా వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, పెట్రోలు మండినప్పుడు పుట్టిన నీరు ఆవిరై పోకుండా సైలెన్సర్‌లోనూ ఇంజిన్ ఆయిల్లోనూ ఉండిపోతుంది. ‘ఎంత జాగ్రత్తగా చూసుకున్నానో’ అని ఓనరు చెప్పేది సరిగ్గా ఈ పని గురించే అయ్యుంటుంది, పాపం.

కాబట్టి ఆ మాజ్దా చూడ్డానికి వెళ్తే మీటరు జోలికి పోకండి, టైరు పక్కన వంగి కూర్చోండి. సైడు గోడ మీద DOT అనే ఇంగ్లీషు అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చదవండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైనదని అర్థం. గీత ఎంత లోతున్నా అంత పాత రబ్బరు నున్నటి రాయితో సమానం. తర్వాత బ్రేక్ ఆయిల్, కూలెంట్ ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. ‘తిరగలేదు కదా, ఎందుకు మారుస్తాం’ అన్నారో, టైర్లు, బ్యాటరీ, హోసులు, ద్రవాలు అన్నీ మీ ఖాతాలో పడినట్టే. ఆ మొత్తం లెక్క కట్టి ధరలోంచి కోయండి. కోయనంటే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఎంఎక్స్-5 మీద నాకేమీ కోపం లేదు. నిజం చెప్పాలంటే రోజూ వాడుకోదగ్గ స్పోర్ట్స్ కారు అంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే. 1989లో షికాగో ఆటో షోలో బయటికి వచ్చింది, 2016కల్లా పది లక్షల బండ్లు తయారయ్యాయి. అన్ని అమ్ముడైనాయంటే కారణం వేగం కాదు. తేలికైన ఒళ్లు, ముందు ఇంజిన్, వెనక చక్రాలకి శక్తి, మామూలు కార్లలో కనబడే సాదా యంత్ర భాగాలు. మీరు చూసింది మూడో తరం, 2005 నుంచి 2015 దాకా వచ్చినది. మొదటి రెండు తరాల్లో ఇంజిన్ వాల్వులని వేళకి నడిపే టైమింగ్ బెల్టు ఉండేది, దాన్ని వేళకి మార్చాలి. మూడో తరం నుంచి టైమింగ్ చైన్, ఆ ఖర్చు తప్పింది. టాపుని సీట్లోంచి లేవకుండానే ఒంటి చేత్తో మడవొచ్చు. డిక్కీ 150 లీటర్లు, ల్యాప్‌టాప్ సంచీ, టిఫిన్ డబ్బా, ఒక చిన్న పెట్టె పడతాయి. ఒంటరి ఉద్యోగికి ఇంకేం కావాలి?

ఒక్క చోట మాత్రం కన్నేయాలి. మడిచే టాపు వెనక నుంచి వాన నీరు కిందకి పోవడానికి చిన్న డ్రైన్ గొట్టాలుంటాయి. ఆకులు, దుమ్ము చేరి అవి మూసుకుపోతే నీరు తలుపుల కింద ఉండే గుమ్మం పట్టీల్లోకి చేరి ఇనుముని లోపల్నుంచి తినేస్తుంది. ముఖ్యంగా పాత తరాల్లో వెనక చక్రానికి ముందున్న భాగం ఇలాగే తుప్పు పట్టి పోతుంది. నా రెండో బండికి నేనే ఏడాది పాటు ఆ రంధ్రాలు శుభ్రం చేయలేదు. ఒకరోజు బ్రేకు వేస్తే సీటు కింద నుంచి నీళ్లు ముందుకి దొర్లి నా బూట్లు తడిపాయి. మీరు బండి చూసే రోజున ఒక బకెట్ నీళ్లు అడిగి టాపు మీద పోయించండి, మీరు లోపల కూర్చోండి. తర్వాత డిక్కీలో పరిచిన కార్పెట్ ఎత్తి చేత్తో తడమండి. ఓనరు మొహం చిట్లిస్తే చిట్లించనివ్వండి.

ఇక మీకంతగా నచ్చని ఆ 86. లక్షా పద్దెనిమిది వేలు! వినడానికి పెద్దగానే ఉంది. కానీ ఆ కిలోమీటర్లలో ఎక్కువ భాగం వేడెక్కిన ఇంజిన్‌తో తిరిగినవి, ఫైల్లో ప్రతి ఆయిల్ మార్పుకీ కాగితం ఉంది. నా ఓటు దానికే, కొన్ని షరతులతో.

దాని ఇంజిన్ సుబారు వాళ్ల బాక్సర్ రకం, 1998 సీసీ. నాలుగు సిలిండర్లూ రెండేసి చొప్పున అటూ ఇటూ పడుకుని ఉంటాయి. బరువు కిందుగా ఉండి మలుపులో బండి నేలని పట్టుకున్నట్టుంటుంది. అదే కారణంగా స్పార్క్ ప్లగ్గులు ఇంజిన్ పక్కల్లో, చెయ్యి దూరని చోట ఉంటాయి. వాటిని మార్చడం మామూలు కారులోలా పావుగంట పని కాదు. లక్ష దాటిన బండి కాబట్టి ఆ పని జరిగిందా లేదా అన్నది ఫైల్లో మొదట వెతకండి. జరక్కపోతే కూలీ లెక్క పెద్దదే అవుతుంది. రెండో సంగతి, తొలి ఏళ్ల బండ్లకి వాల్వ్ స్ప్రింగుల రీకాల్ 2018లో వచ్చింది. మీది 2013 మోడల్ కాబట్టి, అది దాని కిందకి వస్తుందో లేదో, వస్తే పని పూర్తయిందో లేదో చాసీ నంబరు ఇచ్చి డీలరు దగ్గర కనుక్కోండి. నోటి మాట నమ్మకండి. మూడోది, బండి నిలబడి ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంటే బానెట్ కింద కీచురాయి కూసినట్టు వినబడొచ్చు. కంగారు పడకండి, అది హై ప్రెషర్ ఫ్యూయల్ పంపు చేసే చప్పుడు. ఎక్కువ ఆక్టేన్ పెట్రోలే పోయాలి, నెల ఖర్చులో అది కలుపుకోండి.

చూడ్డానికి వెళ్లేటప్పుడు ‘నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు’ అని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పండి, చల్లటి ఇంజిన్ చెప్పే నిజాలు వేడి ఇంజిన్ చెప్పదు. చల్లగా ఉండగానే మూడో గేరు నుంచి రెండోదానికి దించి చూడండి. కరకరమంటే సింక్రో, అంటే గేర్ల వేగాన్ని కలిపే రింగు, అరిగింది. నాలుగో గేరులో మెల్లగా పోతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ నొక్కండి. ఇంజిన్ రొద పెరిగి వేగం పెరక్కపోతే క్లచ్ ప్లేటు జారుతోంది. సగం ట్రాఫిక్‌లో గడిపిన బండికి ఇది తప్పని పరీక్ష. కొంత దూరం వదిలేసిన యాక్సిలరేటర్ మళ్లీ తొక్కినప్పుడు అద్దంలో నీలం పొగ కనబడితే ఆయిల్ మండుతోంది. నాలుగు టైర్లూ ఒకే కంపెనీవి అయితే ఓనరుకి ఓ మార్కు వేయండి. నాలుగూ నాలుగు రకాలైతే, కనబడని చోట ఇంకెంత పిసినారితనం చేశాడో ఆలోచించండి.

ఇంత చేసినా బండి మీకు సరిపోతుందో లేదో తేలదు. దాన్ని తేల్చేది మీ ఎడమ కాలు. టెస్ట్ డ్రైవ్ ఆదివారం పొద్దున ఖాళీ రోడ్డు మీద ఇస్తామంటారు, ఒప్పుకోకండి. మీరు ఆఫీసుకి వెళ్లే వేళకి, మీరు వెళ్లే దారిలోనే అడగండి. నడుము నేలకి జానెడు ఎత్తులో ఉంటే పక్కన ఆగిన ట్రక్కు చక్రం మీ మొహానికి ఎదురుగా ఉంటుంది. రాత్రి వెనకొచ్చే ఎత్తు బండి లైట్లు నేరుగా అద్దంలో పడతాయి. ఎత్తైన స్పీడ్ బ్రేకర్ దగ్గర ఏటవాలుగా ఎక్కించడం నేర్చుకోవాలి. నాకు ఇవేవీ కష్టమనిపించలేదు. వాన పడే రోజు ఇరుకు పార్కింగ్‌లో సగం తెరిచిన తలుపులోంచి గొడుగుతో సహా దూరడం మాత్రం పదేళ్లయినా రాలేదు.

ఇప్పుడు అమ్మగారి మాట. 86లో వెనక రెండు సీట్లున్నాయి. పెద్దవాళ్లు పట్టరు, నిజమే, కానీ చిన్న పిల్లలు పడతారు, సామాన్లు పడతాయి. వీపు భాగం మడిస్తే విడి చక్రాలు నాలుగు పెట్టుకోవచ్చు. ‘నాలుగు సీట్లమ్మా’ అని చెప్పండి, అబద్ధం కాదు. ఆవిడని మాత్రం ముందు సీట్లోనే కూర్చోబెట్టండి.

ఇంకొకటి. పాత హ్యాచ్‌బ్యాక్‌ని వెంటనే అమ్మేయకండి. ఓ ఆరు నెలలు ఉంచండి. కొన్న ధరలో ఐదో వంతు మొదటి ఏడాది మరమ్మతులకి పక్కన పెట్టమని నేను అందరికీ చెప్తాను. అది మిగిలితే మీ అదృష్టం.

ప్రశ్న: నా ఎత్తు 6 అడుగుల 2 అంగుళాలు. చిన్న స్పోర్ట్స్ కారులో పడతానా?
– పొడుగు మనిషి

జవాబు: కాళ్లు పట్టడం ఒక లెక్క, తల పట్టడం ఇంకో లెక్క, మోకాలికీ స్టీరింగ్‌కీ మధ్య చోటు మూడోది. మూడో తరం ఎంఎక్స్-5లో స్టీరింగ్ పైకీ కిందకే కదులుతుంది, ముందుకీ వెనక్కీ రాదు. మీకు అక్కడే ఇబ్బంది. టయోటా 86లో రెండు వైపులా కదులుతుంది. లోటస్ ఎలీజ్ లాంటి వాటి సంగతి అసలు వేరు, వెడల్పాటి గుమ్మం దాటి లోపలికి జారాలి. ఏదైనా సరే, టాపు మూసి ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి, ఆ తర్వాత పదిసార్లు ఎక్కి దిగండి. ఏడోసారికి నడుము జవాబు చెప్పేస్తుంది.

ప్రశ్న: హోండా ఎస్2000 రోజూ ఆఫీసుకి వాడొచ్చా? ఒకటి చూశాను, టర్బో కూడా బిగించారు.
– తొమ్మిది వేల చప్పుడు

జవాబు: మీ కలం పేరులోనే ఉంది అసలు సంగతి. 1999 నుంచి 2009 దాకా వచ్చిన ఆ బండిలో మొదటి 1997 సీసీ ఇంజిన్ నిమిషానికి తొమ్మిది వేల చుట్ల దాకా పాడుతుంది, కానీ అసలు బలం ఆరు వేలు దాటాకే. ట్రాఫిక్‌లో మీరు రెండు వేల దగ్గర పాకుతుంటే మామూలు కారు నడిపినట్టే ఉంటుంది. రోజువారీకి పనికిరాదనను. ఆయిల్ వారం వారం చూసుకునే ఓపిక ఉంటే నడుస్తుంది.

కానీ టర్బో బిగించిందా! అది ఎవరు బిగించారు, ఎవరు ట్యూన్ చేశారు, కాగితాలేవి? బీమా కంపెనీకి ఆ మార్పు చెప్పారా? చెప్పకపోతే ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వాళ్లకి మంచి సాకు ఇచ్చినట్టే. ఒకవేళ మనసు ఆగకపోతే, విప్పేసిన ఒరిజినల్ సామాన్లు ఇంకా ఉన్నాయేమో ఓనరుని అడగండి. ఉంటే బేరంలో కలిపి తెచ్చుకోండి, తర్వాత వెతకడానికి దొరకవు.