ఇంగ్లండ్‌లో 'మి డక్' అని ఎందుకు పిలుస్తారు?

దుకాణంలో ఒకావిడ మీ అబ్బాయిని 'మి డక్', అంటే 'నా బాతూ', అని పిలిచిందనీ, అది వెటకారమా అనీ మీరు అడిగారు. ముందుగా ఆ సందేహం తీరుస్తాను. డెర్బీలో చదువుకుంటున్న మీ అబ్బాయిని దుకాణంలో పెద్దావిడ 'మి డక్' అని పిలవడంలో వెటకారమేమీ లేదు. మధ్య ఇంగ్లండ్‌లోని డెర్బీ, నాటింగ్‌హామ్, లెస్టర్, స్టోక్ ఆన్ ట్రెంట్ ప్రాంతాల్లో ముక్కూ మొహం తెలియని వారిని సైతం, ఆడా మగా తేడా లేకుండా, ఆప్యాయంగా అలాగే పిలుస్తారు. మన ఊళ్లలో బస్సు కండక్టరు పరిచయం లేని ఆడపిల్లను "అమ్మా" అన్నట్టే ఇదీ.

నేను స్టోక్‌లో రెండేళ్లు ఉన్నాను. వెళ్లిన వారంలోనే ఒకరోజు వానలో తడిసి బస్సెక్కి, చిల్లర కోసం జేబులన్నీ తడుముకుంటుంటే, నెరిసిన జుట్టు డ్రైవరు "తొందరేం లేదు, డక్" అన్నాడు. బాతు అనీ, క్రికెట్లో సున్నాకు ఔటవడమనీ తప్ప ఆ మాటకు మరో అర్థం తెలియని నాకు మొహం చిన్నబోయింది. నా వెనుకే ఎక్కిన ఆజానుబాహుడైన కార్మికుణ్ణి కూడా ఆయన అదే మాటతో పలకరించడం, అతడు "తా, డక్" అంటూ టికెట్టు అందుకోవడం చూశాక గాని మనసు కుదుటపడలేదు. 'తా' అంటే అక్కడ థాంక్స్.

ఇక పుట్టుక సంగతి. ఇది నార్మన్లకు ముందు ఇంగ్లండును ఏలిన శాక్సన్ల కాలపు గౌరవ సంబోధన అనీ, గొప్ప ప్రభువుల బిరుదైన 'డ్యూక్' అనే మాటకు చుట్టమనీ అక్కడివారు నాకు ఎంతో నమ్మకంగా చెప్పారు. వారి అభిమానాన్ని గౌరవిస్తాను గాని ఆ మాటను ఒప్పుకోలేను. ఎందుకంటే 'డ్యూక్' అన్నది నాయకుడనే అర్థమున్న లాటిన్ 'డుక్స్' నుంచి పుట్టి, 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో స్థిరపడిన పదం. బాతు పేరు మాత్రం శాక్సన్ల కాలపు పాత ఇంగ్లీషులోనే 'దూకె' అనే రూపంలో ఉంది. నీటిలో మునిగే పక్షి అని దాని భావం. (మన 'దూకు'తో పోలిక కేవలం యాదృచ్ఛికం.) 1590లలో షేక్‌స్పియర్ రాసిన 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' నాటకంలో, అందులోనే వచ్చే మరో చిన్న నాటకంలో పిరమస్ అనే ప్రేమికుడి వేషం కట్టిన నేతగాడు బాటమ్, ప్రియురాలి వస్త్రంపై రక్తపు మరకలు చూసి, ఆమెను 'డక్' అనీ 'డియర్' అనీ ఒకే గుక్కలో పిలుస్తూ విలపిస్తాడు. అందులో దొరతనపు ఛాయ లేదు, ఉన్నదంతా ముద్దే. పసిపిల్లలను మనం 'నా చిలకా' అనుకోవడం, స్కాట్లండులోని గ్లాస్గోలో ఆడవారిని 'హెన్' (కోడిపెట్ట) అని పిలవడం కూడా ఈ కోవలోనివే.

మీ అబ్బాయి మొహమాటపడకుండా "తా, డక్" అని బదులివ్వవచ్చు. మూడో నెలకల్లా అదే బస్సులో నేనూ అనడం మొదలుపెట్టాను.