ఆ రెండు బిళ్లలు

గుత్తి,
ఆదివారం

అమ్మీ,

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మనవరాలు తళ్లికోట యుద్ధం మీద బోర్డు గేమ్ చేసి అమ్ముతుందంట, అంతా నీ పోలికే" అంది. తిట్టిందో మెచ్చుకుందో అర్థం కాలేదు. నాకైతే ఆ రాత్రి నిద్ర లేదు. సగం సంతోషం, సగం టెన్షన్. "అది ఆట చేస్తే నీకెందుకు గుండెదడ?" అని మీ అవ్వ కసిరింది. దానికి జవాబే ఈ ఉత్తరం.

ముందు చిన్న విషయాలు. అట్ట మందంగా ఉండాలి. బిళ్లల మీద అంకెలు నాబోటి వాడికి కూడా కనపడాలి. రూల్స్ పుస్తకం పన్నెండు పేజీలు దాటనీకు. అచ్చుకు ఇచ్చేముందు ముక్కూమొహం తెలియని నలుగురి చేతికి పెట్టె ఇచ్చి, నువ్వు నోరు మూసుకుని పక్కన కూర్చో. ఉద్యోగం ఇప్పుడే మానొద్దు.

విజయనగరం, దక్కను సుల్తానులు, రెండు వైపులా బలం సమానం చేస్తున్నావంట. ఎవరు చెప్పినారు నీకు, ఆట అంటే సమానమని? చిన్నప్పుడు కోట బండల మీద బొగ్గుతో గీసి నీకు పులిమేక నేర్పింది నేనే కదా! 3 పులులు, 15 మేకలు, 23 చోట్లు. పులి మీద నుంచి దూకి మేకను తింటుంది, మేకకు ఆ హక్కు లేదు, పులి కదలకుండా దారులన్నీ మూసేయడమే దాని పని. బలం వేరు, గెలుపు వేరు, అయినా ఆట సరిసమానంగా సాగుతుంది. విజయనగరాన్ని నడిపిన నీ రామరాయలు 1565లో ఆ యుద్ధంలో ఓడి, పట్టుబడి, తల పోగొట్టుకున్నాడు. ప్రతిసారీ అట్లే ఓడిపోయేటట్టయితే ఆ వైపు కూర్చునేదెవరు? ఆయన తమ్ముడు తిరుమలరాయలు మిగిలిన పరివారాన్ని, ధనాన్ని తీసుకుని పెనుకొండ చేరితే విజయనగరం ఆటగాడికి సగం గెలుపు ఇయ్యి. నిజంగా జరిగిందీ అదే.

ఇంకోటి, కృష్ణ ఒడ్డు. సుల్తానులు వేరే రేవు వెతుకుతున్నట్టు నది వెంబడి నడిచి, విజయనగరం కాపలాను తమ వెంట లాక్కుపోయి, రాత్రికి రాత్రి వెనక్కి వచ్చి మొదటి రేవులోనే దాటినారని ఫారసీ చరిత్రకారుడు ఫెరిష్తా రాసినాడు. బిళ్లలన్నీ అందరికీ కనపడేలా బోర్డు మీద పరిస్తే ఈ ఎత్తు ఎట్లా పారుతుంది? 1824లో ప్రష్యా సైన్యం కోసం రైస్‌విట్జ్ అనే అధికారి చేసిన క్రీగ్‌స్పీల్ అనే యుద్ధం ఆటలో దీనికి మందు ఉంది. మధ్యలో ఒక తీర్పరి ఉంటాడు. ఎవరి కంటికి ఏది ఆనుతుందో అదే వాళ్లకు చూపిస్తాడు. తీర్పరి వద్దనుకుంటే బిళ్లలు బోర్లించి, వాటిలో కొన్ని ఉత్తివి కలుపు.

ఇక అసలు విషయం. ఇది మీ అమ్మకు కూడా చెప్పలేదు.

1987లో నేను బడిలో చరిత్ర చెప్పేవాణ్ని. అమెరికా నుంచి వచ్చిన బంధువొకాయన ఒక యుద్ధాల ఆట పెట్టె తెచ్చినాడు. దాంట్లోని ఆరు మూలల గడులు చూసి నాకు పిచ్చి పట్టింది. పాత క్యాలెండర్ల వెనక గడులు గీసి, పెండ్లిపత్రికలు కత్తిరించి బిళ్లలు చేసి, తళ్లికోట ఆట తయారుచేసినా. శనివారం సాయంత్రాలు తొమ్మిదో తరగతి పిల్లోళ్లు మన వసారాలో ఆడేవాళ్లు.

వాళ్లలో సైకిల్ షాపాయన కొడుకు ఒకడుండేవాడు. అంత నిదానంగా ఆలోచించే పిల్లోణ్ని మళ్లీ చూడలేదు. ఆ రోజు విజయనగరం వైపు వాడు. రేవు దగ్గర మోసం కనిపెట్టి, సగం దండును అక్కడే ఉంచేసినాడు. సుల్తానుల వైపు నిజాంషాహీ ఫిరంగులు ఎదురుగా రాగి నాణేలు దట్టించుకుని కూర్చున్నాయని చెప్పినా, వాటి ముందుకు పోకుండా చుట్టు తిరిగి వచ్చినాడు. గెలుస్తున్నాడు.

నేనొక రూలు రాసిపెట్టినా. ఐదో వంతు వచ్చినప్పుడు పాచిక వేయాలి. నాలుగో అంతకన్నా ఎక్కువో పడితే విజయనగరం వైపున్న ఇద్దరు ముస్లిం సర్దార్లు సుల్తానుల పక్షానికి తిరిగిపోతారు. 1567లో హంపీకి వచ్చిన వెనీసు వర్తకుడు ఫెడెరిచి ఆ మాట రాసినాడు, నేను ఎక్కించినా. చరిత్రకారులందరూ దాన్ని ఒప్పుకోరని అప్పటికే నాకు తెలుసు. అయినా ఆట రసవత్తరంగా ఉంటుందని పెట్టుకున్నా. పైగా ఆ రెండు బిళ్లలకు మాత్రం ఆకుపచ్చ రంగు పూసినా.

ఐదు పడింది. పిల్లోళ్లు ఎగిరి గంతులేసినారు. "మీవోళ్లే కదరా! నిన్ను ముంచింది మీవోళ్లే!" అని ఒకడు అరిచినాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినా, అమ్మీ. ఇన్నేళ్లయినా ఆ నవ్వే నాకు గుర్తొస్తుంది, వాళ్ల మాట కాదు. వాడు ఆ రెండు బిళ్లలు తీసి, తనే అటువైపు సరిగ్గా గడిలో పెట్టి, "పొద్దుపోయింది సార్" అని లేచి పోయినాడు. మళ్లీ శనివారం రాలేదు. ఆ పై శనివారం కూడా.

పదిరోజులకు వాళ్ల షాపుకు పోయినా. క్షమించమని అడగాలనే పోయినా. వాడు ట్యూబుకు పంచరు వేస్తున్నాడు, తలెత్తలేదు. వాళ్ల నాయన టీ తెప్పించినాడు. టీ తాగి, ఏం మాట్లాడాలో తెలియక, "గాలి పట్టు" అన్నా. పట్టినాడు. డబ్బులు తీసుకోలేదు. ఇంటికొచ్చి ఆ పెట్టె అటక ఎక్కించినా.

నా రూలు చరిత్రగా కూడా తప్పే. బీజాపూరు సుల్తాను కొలువులో మరాఠా సర్దార్లు ఉండేవాళ్లు. రామరాయలు తానే కుర్రతనంలో గోల్కొండ సుల్తాను కొలువు చేసి వచ్చినవాడు. దక్కనులో సర్దారు పక్షం మారడమంటే మతం కన్నా జాగీరు, జీతం, పరువు. నువ్వు పక్షం మారే రూలు పెట్టదలిస్తే రెండు వైపులా ప్రతి సర్దారుకూ విశ్వాసం అంకె వేయి. జీతం అందక, వరసగా రెండుసార్లు వెనక్కి తగ్గితే ఎవడైనా సరే పాచిక వేయాలి. ఆట ఇంకా బాగుంటుంది. ఎవడు జారుతాడో ముందే తెలియదు కాబట్టి ప్రతి వంతుకూ ఇద్దరికీ గుండె కొట్టుకుంటుంది. నా రూలు నీ ఇంటర్నెట్‌లో ఎక్కడో దొరుకుతుందని నా భయం. అట్లా దొరికితే నీ కళ్లకు అది భలేగా కనపడుతుంది, నాకు కనపడినట్టే.

అందుకే నీ ఆట నాకు చూపించకుండా అచ్చుకు ఇయ్యొద్దు. గట్టిగా చెప్తున్నా అని అలగొద్దు. బోర్డు బొమ్మ ఫోన్‌లో పంపినావు కదా, తుంగభద్ర ఒంపు సరిగ్గా గీసినావని మీ అవ్వకు నాలుగుసార్లు చూపించినా.

సంక్రాంతికి పెట్టె తీసుకుని రా. ఉగ్గాని, బజ్జీలు మీ అవ్వ పూచీ. మొదటి ఆటలో విజయనగరం వైపు కూర్చునేది నేనే. ఆ ఇద్దరు సర్దార్ల బిళ్లలు నా చేతికియ్యి.

ఇట్లు,
మీ అబ్బ