బిస్మత్ బిళ్ళ కాల్చే ముందు

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

బరంపురంలో బేరియం సీసం బిస్మత్ ఆక్సైడ్ చేయబోతున్నావని తెలిసి సంతోషించాను. 1975లో రసాయన శాస్త్రవేత్త స్లైట్ బృందం 13 కెల్విన్ల (సుమారు -260 డిగ్రీల సెల్సియస్) దాకా అతివాహకత, అంటే నిరోధం లేకుండా కరెంటు పారే గుణం, చూసింది ఇందులోనే. రాగి ఆక్సైడ్లు ఆ తర్వాతవి.

సీసం కలపని బేరియం బిస్మత్ ఆక్సైడ్, అంటే బేరియం బిస్మతేట్‌లో, లెక్కకి బిస్మత్ ఆవేశం 4+. కానీ అది అలా నిలవదు. సగం పరమాణువులు 3+ వైపు, సగం 5+ వైపు జరుగుతాయి, వాటి చుట్టూ ఆక్సిజన్ గూళ్ళు ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అవుతాయి. అందుకే అది కరెంటు పారనివ్వని బంధకం. ముప్పాతిక బిస్మత్ స్థానాల్లో సీసం పెడితే ఆ వరస చెదిరి లోహమవుతుంది, చల్లబరిస్తే అతివాహకమవుతుంది.

0.01 మోల్‌కి బేరియం కార్బొనేట్ 1.973 గ్రా., లెడ్ డయాక్సైడ్ 1.794, బిస్మత్ ఆక్సైడ్ 0.582. కార్బొనేట్‌ని 150 డిగ్రీల్లో ఆరబెట్టి, తేమ చేరని డెసికేటర్ పాత్రలో చల్లార్చి వెంటనే తూచు. దగ్గర్లోని గోపాలపూర్ సముద్రపు గాలి తడి ఊరుకోదు. అగేట్ రాతి కల్వంలో అసిటోన్ వేసి అరగంట నూరు. బేరియం కార్బొనేట్, లెడ్ డయాక్సైడ్ విషాలు, గ్లవ్స్, మాస్క్ తప్పవు, ఫర్నేస్ పొగ బయటికి లాగే హుడ్ కిందే ఉండాలి.

800 డిగ్రీల్లో పన్నెండు గంటలు కాల్చి, మళ్ళీ నూరి, బిళ్ళ కొట్టి, ఆక్సిజన్ ప్రవాహంలో మళ్ళీ కాల్చు. బిళ్ళని అదే పొడిలో కప్పిపెట్టు. లేకపోతే సీసం ఆవిరై పోతుంది, అల్యూమినా పళ్ళెం కూడా బిళ్ళని అంటుకుంటుంది. ఈ తప్పు పట్టుకునేది తక్కెడ. అంతా సవ్యంగా జరిగితే మూడు పొడుల మొత్తం 4.35 గ్రాములు కాలాక 3.93 కావాలి, తగ్గుదల 0.42. పొడి రాలకుండా ఇంతకు బాగా మించి తగ్గితే పోయింది చాలామటుకు సీసమే, ఎక్స్‌రే పరీక్షలో శిఖరాలు చక్కగా కనిపించినా నమ్మకు. బిళ్ళ నల్లగా రావాలి. గోధుమరంగు చారలుంటే బిస్మత్ ఒకచోట పోగుపడిందన్నమాట, మళ్ళీ నూరు. చల్లార్చేటప్పుడు 450 డిగ్రీల దగ్గర ఆక్సిజన్‌లోనే కొన్ని గంటలు ఆపు. మధ్యలో కరెంటు పోతే ఆ మెట్టు మళ్ళీ చెయ్యి.

ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ల దగ్గరే ఆగిపోతుంది, మనకి 13 కంటే కిందికి దిగాలి. అందుకని హీలియంతో ఇంకా చల్లబరిచే క్రయోస్టాట్ ఉన్నచోటికి బిళ్ళ పంపాలి. నిరోధం ఒక్కటే అడక్కు. రేణువుల అంచుల వల్ల చల్లారేకొద్దీ అది పెరగొచ్చు, సన్నటి దారి ఒక్కటి కలిసినా సున్నా చూపొచ్చు. బిళ్ళలో ఎంత భాగం అతివాహకమైందో తెలియడానికి అయస్కాంతీకరణ కూడా కొలిపించు.

పొటాషియం వేసిన బిస్మతేట్ 30 కెల్విన్లు ఇస్తుంది, ఆశ పుడుతుంది. కానీ దానికి వాడే పొటాషియం సూపర్ ఆక్సైడ్ తడి తగిలితే ఉధృతంగా చర్య జరుపుతుంది. తేమ లేని గాలితో మూసిన గ్లవ్ బాక్స్ దొరికేదాకా, అందులోనూ వానాకాలంలో, దాని జోలికి పోకు.

నీ పెదనాన్న