మన దేశంలో పెద్దవాళ్లలో మానసిక సమస్యలు ఎంతమందికి ఉంటాయి?

దాదాపు పదిమందిలో ఒకరికి. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో 18 ఏళ్లు దాటినవాళ్లలో 10.6 శాతం మందికి అప్పటికి ఏదో ఒక సమస్య ఉందని తేలింది (ఆ పన్నెండులో మన ఆంధ్ర లేదు లెండి). జనం పిచ్చి అనేది అందులో తక్కువే, ఎక్కువగా డిప్రెషన్, ఆందోళన, మందు అలవాటు.

మా టెక్కలి వైపు ఇవి ఆ పేర్లతో బయటపడవు. మా పిన్ని గుండె దడ, నిద్ర పట్టట్లేదు అంటూ రెండేళ్లు ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు ఎక్కించుకుంది, ఈసీజీలో ఏమీ లేదు, గాలి సోకిందని తాయెత్తూ కట్టించారు, చివరికి శ్రీకాకుళంలో సైకియాట్రిస్టు చూసి యాంగ్జైటీ అన్నారు. అదే సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి అసలు వైద్యమే అందట్లేదు.

ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కి 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.