కలరా క్రిమి కణంలోకి దూరకుండానే విరేచనాలెలా?

చెల్లీ, హన్మకొండలో డిగ్రీ మైక్రోబయాలజీ చదువుతున్నానన్నావు. కలరా బ్యాక్టీరియా పేగు కణంలోకి దూరదు కదా, మరి అన్ని నీళ్ల విరేచనాలు ఎందుకవుతాయన్నది నీ సందేహం.

క్రిమి బయటే ఉంటుంది, దాని విషం లోపలికి పోతుంది. ఆ విషం, అంటే టాక్సిన్‌లోని ఐదు బి ముక్కలు కణం మీదున్న జీఎం1 అనే కొవ్వు అణువును పట్టుకుంటాయి. ఆ పట్టుతో ఎ ముక్క లోపలికి చేరి కణంలో స్విచ్‌లా పనిచేసే జీఎస్ ప్రోటీన్‌ను ఆగకుండా ఆన్‌లో ఉంచుతుంది. దాంతో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు పెరిగి క్లోరైడ్ పేగులోకి పోతుంది, వెంటే సోడియం, నీళ్లు. పేగులో నీరు చేరడానికి క్రిములను వడకట్టేసిన ద్రవం ఒక్కటే చాలని 1959లో కలకత్తాలో శంభునాథ్ డే కుందేళ్ల పేగుల్లో చూపించారు. పరీక్షలో అడగకపోయినా ఆ పేరు గుర్తుపెట్టుకో.

దీన్ని సాల్మొనెల్లా అనే మరో పేగు బ్యాక్టీరియాతో కలపకు. అది టైప్ 3 అనే సూదిలాంటి నిర్మాణంతో ప్రోటీన్లను నేరుగా కణంలోకి ఎక్కిస్తుంది, దాంతో కణమే ఆ క్రిమిని మింగేస్తుంది.

అన్నట్టు, కలరాలో గ్లూకోజుతో పాటు సోడియంను పీల్చుకునే దారి చెడదు. ఉప్పు, గ్లూకోజు కలిపిన ఓఆర్‌ఎస్ నీళ్లు పనిచేసేది అందుకే.